చెప్పమన్న సాక్ష్యం

బైబిలు చదువుతున్న ఆడమనిషిని మా ఇంట్లో ఎవరూ లేపరు. ఈ సంగతి పెళ్ళయిన కొత్తలోనే కనిపెట్టి ఉంటే కొంత బాగుపడేదాన్ని. పేపరు పట్టుకుంటే "టీ పెట్టావా?" అంటారు. ఫోను పట్టుకుంటే "ఎవరే అది?" అంటారు. ఊరికే కిటికీ దగ్గర కూర్చుంటే మరీ ప్రమాదం, "ఖాళీగానే ఉన్నావుగా, ఆ చింతపండులో గింజలు తీసెయ్" అంటారు. అదే బైబిలుండే నల్ల జిప్పు కవరు ఒళ్ళో పెట్టుకుని తల వంచుకుంటే మా అత్తగారు సంపూర్ణమ్మ గారు చప్పుడు కాకుండా చీపురు తీసుకుని హాలు ఊడుస్తారు. ఆవిడ చేతిలో చీపురు నేను చూసింది అప్పుడే.

అందుకే ఆ పుస్తకాన్ని ఆ కవరులో పెట్టాను. బైబిలు తీసి ఎక్కడో పడెయ్యలేదు. శుభ్రమైన తువ్వాలు పరిచి బీరువా పై అరలో పెట్టి, "కాసేపే ప్రభువా" అని చెప్పుకున్నాను. నాకు దేవుడితో తగాదా లేదు. తగాదా ఎవరితో ఉందో అప్పటికి నాకింకా తెలియదు.

పుస్తకాన్ని ఇంటికి తెచ్చింది మా ఆయనే. బెన్నీ ఆటోనగర్‌లో లారీ స్పేర్ పార్టుల షాపులో కౌంటర్ చూస్తాడు. బేరింగులూ బుష్షులూ చుట్టి ఇవ్వడానికి అక్కడ పాత పుస్తకాలు తూకానికి కొంటారు. మా పాప జెస్సికాకి కాగితాలు చింపే వయసు వచ్చేసరికి, "దీన్ని ఇవి చింపుకోమను, నా బిల్లులు ముట్టకుండా ఉంటుంది" అని ఒక కట్ట తెచ్చి హాల్లో పడేశాడు. అందులో ఒకదానికి అట్ట లేదు, మొదటి పేజీలు లేవు, చివరివీ లేవు. రాసినాయన పేరేమిటో నాకు ఈనాటికీ తెలియదు. ఎక్కడో చలిదేశపు మనిషనీ, పెళ్ళి చేసుకోలేదనీ, ఆయన మాటలు పుస్తకంగా వచ్చినప్పుడు ఊరూరా గొడవలయ్యాయనీ, ఆ పుస్తకానికి ఇది తెలుగు అనువాదమనీ లోపలి పేజీల్లో ఉంది. జెస్సీ ఒక కాగితం పట్టుకుని లాగుతుంటే నేను అవతలి కొస పట్టుకున్నాను. త్యాగం అనే పేరు దాన్ని చేసినవాళ్ళు పెట్టుకున్నది కాదనీ, దానివల్ల బాగుపడ్డవాళ్ళు పెట్టిందనీ ఆ కాగితం మీద ఉంది. వంటింట్లో కుక్కరు కూతలు వేస్తూనే ఉంది. ఆ రోజు పప్పు మాడింది.

మొదట్లో ఆ పుస్తకం నన్ను చాలా పాడుచేసింది. దాచడం దేనికి? పుట్టేముందు ఎవరినీ ఎవరూ అడగరనీ, అడక్కుండా పుట్టించి ఆపైన కృతజ్ఞత కోరతారనీ రాశాడాయన. ప్రేమ, బాధ్యత, పరలోకం, ఇవన్నీ మనిషి చలికి కప్పుకున్న దుప్పట్లనీ, ఒక్కొక్కటే తీసి చూడమనీ అన్నాడు. నేను తీసి చూశాను. గడగడా వణికాను. నిద్రపోతున్న జెస్సీ కనురెప్పలు చూస్తూ, నిన్ను అడగలేదు కదే, అని ఏడ్చాను. అన్నం సయించలేదు. బెన్నీ బండి వెనక కూర్చుని వెళుతూ బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర ఆగితే, హారన్లు కొడుతున్న ఆ హెల్మెట్లన్నిటినీ చూసి, ఇంత తొందరగా ఎక్కడికి పోతున్నారు వీళ్ళంతా, పోయి ఏం చేస్తారు అనిపించి గుండె జారిపోయింది. చదవడం మానేద్దామనుకున్నాను. పుస్తకాన్ని తిరిగి కట్టలో కలిపేశాను కూడా. మర్నాడు మధ్యాహ్నం జెస్సీ పడుకోగానే వెతుక్కుని మళ్ళీ తీసుకున్నాను. ఎందుకంటే ఆ దిగులు నాకు కొత్త కాదు. కాన్పు తర్వాత నెలల తరబడి ఆ దిగులే మోశాను. అప్పుడది నోరు లేని దిగులు. ఇప్పుడు దానికి మాటలు వచ్చాయి. మాటలు వచ్చినదాన్ని కూర్చోబెట్టి ప్రశ్నలు అడగొచ్చు.

అడగడం మొదలుపెట్టాక దిగులు పోయి కోపం వచ్చింది. ఇంట్లో రోజూ జరిగేవే కొత్తగా కనపడసాగాయి. బెన్నీ స్నేహితులు వచ్చినప్పుడు "మా ఆవిడది ఇంటర్ ఫెయిలు" అని నవ్వుతాడు. నేను ఫెయిలవ్వలేదు. పరీక్షలు రాయలేదు. రెండో సంవత్సరంలో ఉండగా సంబంధం కుదిరింది, పెళ్ళయ్యాక రాయించుకుంటామన్నారు, పరీక్షల నాటికి నేను వేవిళ్ళతో బాత్రూములో ఉన్నాను. ఇన్నాళ్ళూ ఆ మాటకి నేను కూడా నవ్వేదాన్ని. పుస్తకం చదివాక మొదటిసారి నవ్వలేదు. అంతే, ఇంకేం చెయ్యలేదు. పకోడీల పళ్ళెం అక్కడ పెట్టి, నవ్వకుండా నిలబడ్డాను. వాళ్ళు వెళ్ళిపోయాక "ఏంటి ఆ ముఖం?" అన్నాడు బెన్నీ. "ఏం తక్కువైంది నీకు? ఏసీ కూడా పెట్టించాగా." ఆ ఏసీ గదిలో పగలు అత్తగారు పడుకుంటారు. నేను వంటింట్లో ఉంటాను. ఇది కూడా నాకు అప్పుడే తట్టింది.

ఇలా ఆ పేరు తెలియని మనిషిని తలలో పెట్టుకుని తిరుగుతూ ఉండగా ఒకరోజు ఆయన నా మీదే పడ్డాడు. ఆడదాని గురించి ఒక భాగం ఉంది. స్త్రీ ఆలోచించదట. ఆమెకా అవసరం లేదట. ఆమె నేలలాంటిదట, మొలకెత్తించడమే దాని ఎరుక అట. చదువుతుంటే చెవులు వేడెక్కాయి. ఇంతసేపూ దుప్పట్లు తియ్యమన్నవాడు ఆడవాళ్ళ మీది దుప్పటి మాత్రం తియ్యలేదు, దాని మీదే పడుకున్నాడు. పెన్ను దొరక్కపోతే జెస్సీ రంగు పెన్సిలు తీసుకుని ఆ వాక్యాల కింద గీత కొట్టి, పక్కన ఖాళీలో రాశాను. "అయ్యా, ఇది రాసిన పూట మీ కంచం ఎవరు కడిగారు?" ఎర్ర రంగు. పెద్ద అక్షరాలు. ఇంటర్ ఆగిపోయాక నేను నా అంతట నేను రాసిన మొదటి వాక్యం అదే. ఆ సాయంత్రం అంట్లు తోముతూ కూనిరాగం తీస్తుంటే అత్తగారు కూడా ఆశ్చర్యపోయారు. "బైబిలు వాక్యం బాగా పనిచేత్తాందే నీకు" అన్నారు.

ఆ మెప్పే ముంచింది. పటమటలో మా చర్చి ఆడవాళ్ళకి వారం మధ్యలో ఒక మధ్యాహ్నం ప్రార్థన కూడిక ఉంటుంది. పిల్ల ఉంది కదా అని నన్ను ఇంట్లో వదిలేసి అత్తగారొక్కరే వెళతారు. ఆ రోజు ఉతికిన బట్టలు ఆరేసి వచ్చి చూస్తే కిటికీ దగ్గర జిప్పు కవరు లేదు. పరుపులు ఎత్తాను, బియ్యం డబ్బా వెనక కూడా చూశాను. బీరువా మీద అత్తగారి చేతిసంచి లేదని గమనించాక అర్థమైంది, ఆవిడ ఆ కవరు కూడికకి పట్టుకెళ్ళారని. జెస్సీని ఎత్తుకుని గుమ్మంలోనే కూర్చున్నాను.

ఆటో దిగుతూనే ఆవిడ అందుకున్నారు. చెప్పులు కూడా విడవలేదు.

"పరువు తీశావు గదే! నిలువునా తీశావు!"

"అత్తయ్యా, లోపలికి రండి..."

"అందరి ముందూ చెప్పానే నేను! మా కోడలు ఎర్ర పెన్సిలుతో గీతలు గీసుకుని మరీ చదువుద్ది, నా కళ్ళతో చూశాను, గీసినచోటే చదవండి ఎలిజబెత్ టీచరు గారూ అని నా చేత్తో నేనే ఇచ్చానే!"

రిటైరైన ఎలిజబెత్ టీచరు గారిది కంచులాంటి గొంతు. కూడికలో భాగం చదివేది ఎప్పుడూ ఆవిడే. చూపు ఆనక పుస్తకం ముక్కుకి ఆనించుకుని, గీసిన చోటు వెతుక్కుని, వాక్యం చదివే గొంతుతోనే చదివేశారట. స్త్రీ ఆలోచించదు. ఆమెకు ఆ అవసరము లేదు.

"అందరూ స్తోత్రం అన్నారే!" అన్నారు అత్తగారు తల పట్టుకుని. "ఇదేదో బైబిల్లో పౌలు గారు చెప్పిందేలే అని నేనూ అన్నాను! ఆ తర్వాత కంచం ఎవరు కడిగారు అని చదివేసరికి, నవ్వారే! కూడికలో నవ్వారు! పాస్టరమ్మ గారు కొంగు నోట్లో కుక్కుకున్నారు!"

నాకూ నవ్వు వచ్చింది. ఆపుకున్నాను, కానీ ఆవిడ చూసేశారు.

"నవ్వుతున్నావా? నువ్వు చదివేది వాక్యం అనుకుని చీపురు కూడా నేనే పట్టానే!"

"ఆ పుస్తకం మీ అబ్బాయే తెచ్చాడు అత్తయ్యా."

"పిల్లని చింపుకోమని తెచ్చాడు. నిన్ను చదవమని తెచ్చాడా?"

సాయంత్రం బెన్నీ వచ్చాక మైలవరంలో ఉన్న వాళ్ళక్క వినీలకి ఫోను చేసి స్పీకరు పెట్టారు. మా వదిన ఏ విషయమైనా ముందే తేల్చుకుని మాట్లాడుతుంది. "ముందు పిల్ల సంగతి చూడండి. శాలిని తల కుదురుకునేదాకా జెస్సీని నా దగ్గర ఉంచండి. ఇక్కడైతే మామిడి తోటల గాలి. ఆదివారం ఎలాగూ మీ ఇంట్లో ప్రార్థన పెట్టుకున్నారుగా, నేనొచ్చి తీసుకెళ్తాను."

"పిల్లనెందుకు వదినా?" అన్నాను.

బెన్నీ ఫోను పక్కన పెట్టాడు. "ఆ మధ్య మంచం మీంచి పడింది గుర్తుందా? నుదురు బొప్పి కట్టింది. అప్పుడు నువ్వేం చేస్తున్నావు?"

"మీకు అట్టు వేస్తున్నాను. జెస్సీ అత్తయ్య పక్కన ఉంది."

"అదే. ధ్యాస పుస్తకం మీదుంటే..."

"అప్పటికి ఆ పుస్తకం మనింటికి రాలేదండీ."

"చూశావామ్మా? ప్రతిదానికీ సమాధానం! ఇదివరకు ఇలా ఉండేదా?"

ఉండేదాన్ని కాను. అది నిజమే.

చివరికి బెన్నీయే ఒక దారి చెప్పాడు, తానేదో నా పక్షాన వకాల్తా పుచ్చుకున్నట్టు. ఆదివారం పాస్టరు అయ్యగారి ముందు, కూడికకొచ్చే అందరి ముందు నేను లేచి సాక్ష్యం చెప్పాలి. పాడు పుస్తకం చదివి మనశ్శాంతి పోగొట్టుకున్నాను, ఇల్లూ పిల్లనీ నిర్లక్ష్యం చేశాను, ప్రభువు విడిపించాడు, ఇక అలాంటివి ముట్టను అని. చెబితే పిల్ల ఎక్కడికీ వెళ్ళదు. "నాలుగు ముక్కలేగా శాలినీ. చెప్పేసెయ్. మా ఓనరు తప్పు చేసినా సారీ నేనే చెప్తాను. ఏమైంది? అరిగిపోయానా?"

అరిగిపోయావు, నీకు తెలియదు, అందామనుకుని ఊరుకున్నాను.

సరేనన్నాను. చెప్పేద్దామనే అనుకున్నాను. జెస్సీ నా చెవి తమ్మె పట్టుకుంటే తప్ప నిద్రపోదు. నేను పక్కన లేకపోతే దిండు తడుముతుంది, ఆ తర్వాత ఏడుస్తుంది. మైలవరంలో ఎవరి చెవి పట్టుకుంటుంది? కొన్నాళ్ళంటారు, ఆ కొన్నాళ్ళు ఎప్పటికి అయిపోతాయో చెప్పేది వాళ్ళు. పిల్లకి నీళ్ళు పోస్తూ, గుడ్లు ఒలుస్తూ ఆ నాలుగు ముక్కలూ పెదాల మీద నలిపాను. దిగులు మళ్ళీ మొదటికి వచ్చింది. ఒకవేళ వాళ్ళన్నదే నిజమేమో? చలిదేశపు బ్రహ్మచారి ఎవడో రాసింది చదివి నా ఇంటికి నేనే నిప్పు పెట్టుకున్నానేమో? పుస్తకం నా దగ్గర లేదు, టీచరు గారి దగ్గర ఉండిపోయింది. లేకపోయినా ఆయన మాటలు తలలో తిరుగుతూనే ఉన్నాయి. వాటి పక్కనే నా ఎర్ర అక్షరాలు కూడా. నన్ను పట్టి ఉంచింది ఆ రెండోవే.

ఆదివారం సాయంత్రం జంపఖానాలు పరిచి, అయ్యగారికి కుర్చీ వేసి, టీ నీళ్ళు పడేస్తుంటే ఎలిజబెత్ టీచరు గారు వంటింట్లోకి వచ్చారు. చేతిలో కాగితం చుట్టిన పొట్లం.

"వందనాలు టీచరు గారూ."

"వందనాలు సరే. చాలా చెడ్డ పుస్తకం అమ్మాయ్ ఇది."

"అవునండీ."

"మొత్తం చదివాను, భూతద్దం పెట్టుకుని. తల తిరిగిపోయింది. చివరి పేజీలు లేవేం? నీ దగ్గరున్నాయా?"

"లేవండీ. మాకలాగే వచ్చింది."

"అయ్యో," అన్నారు, నిజంగానే బాధపడుతూ. పొట్లం పంచదార డబ్బా పక్కన పెట్టి, వెళ్ళబోతూ ఆగారు. "ఏళ్ళ తరబడి తెలుగు చెప్పి రిటైరయ్యాను. నా క్లాసులో ఎవరూ రాసినాయన్ని ఎదురు ప్రశ్న అడగలేదు. నేనూ అడగనివ్వలేదనుకో." అంతే. వెళ్ళి జంపఖానా మీద తన చోట కూర్చున్నారు.

టీ కప్పుల ట్రే పట్టుకుని హాల్లోకి వస్తూ తలుపు వెనక సంచి చూశాను. బట్టల షాపు వాళ్ళిచ్చిన పెద్ద గుడ్డసంచి. నిండుగా ఉంది. పైన జెస్సీ పసుపు గౌను, పక్కన పాలసీసా, దిష్టి కాటుక పెడితే చర్చివాళ్ళు నవ్వుతారని నేను దాన్ని దాచిపెట్టుకునే చిన్న పౌడరు డబ్బా కూడా. వదిన అప్పటికే వచ్చి కూర్చుని ఉంది, జెస్సీ బుగ్గ గిల్లుతూ.

ట్రే కింద పెట్టాను. అత్తగారి దగ్గరగా వంగి అడిగాను. "సాక్ష్యం చెబుతానన్నాను కదా అత్తయ్యా. మరి ఈ సంచేంటి?"

ఆవిడ చూపు తప్పించారు. "కొన్నాళ్ళేగా. నీకూ రెస్టు. వినీల అంత దూరం నుంచి ఊరికే వచ్చిందా?"

అంటే నేను చెప్పినా పిల్ల వెళుతుంది. చెప్పకపోయినా వెళుతుంది. నా నోటితోనే నన్ను తిట్టించడం మాత్రం వాళ్ళకి మిగులు. వింతేమిటంటే ఆ క్షణం నుంచీ నాకు భయం వెయ్యలేదు. ఏం చెప్పినా ఒకటే అయినప్పుడు నిజం చెప్పడానికి అడ్డేముంది?

పాటలయ్యాయి. అయ్యగారు "సహోదరి శాలిని సాక్ష్యం చెబుతుంది" అన్నారు. వదిన ఒళ్ళోంచి జెస్సీని తీసుకుని చంకన వేసుకుని నిలబడ్డాను. బెన్నీ గోడకి ఆనుకుని, నాలుగు ముక్కలూ తనే లోపల చెప్పుకుంటున్నట్టు పెదాలు కదుపుతున్నాడు.

"ప్రభువు నామమున అందరికీ వందనాలు. నేనొక పుస్తకం చదివాను. చదివి ఏడ్చాను. అన్నం తినలేదు. అది నిజమే."

"స్తోత్రం," అన్నారు అత్తగారు, ఊపిరి పీల్చుకుని.

"కానీ ఆ పుస్తకం రాకముందు కూడా ఏడ్చాను. జెస్సీ పుట్టాక ఎన్ని నెలలు ఏడ్చానో అత్తయ్యకి తెలుసు, మా ఆయనకి తెలుసు. అప్పుడు ఎవరూ పుస్తకం ఏదని అడగలేదు. ఎందుకేడుస్తున్నావనీ అడగలేదు. మందు బిళ్ళ వేసుకుని వంట చెయ్యమన్నారు."

బెన్నీ పెదాలు ఆగిపోయాయి.

"ఆ పుస్తకంలో చెడ్డ మాటలున్నాయి. ఆడవాళ్ళని చాలా తక్కువ చేశాడాయన. దానికి ఆయన్ని అక్కడే నిలదీశాను, మీరంతా విన్నారు కదా. అంత పెద్ద పండితుణ్ణి నిలదీశాక ఇంట్లో వాళ్ళని అడగడం అంత కష్టం కాదని తెలిసింది. నేనింకా చదువుతాను. నచ్చనివి కూడా చదువుతాను. ఆగిపోయిన ఇంటరు ఓపెన్ స్కూల్లో కడతాను. ఇల్లు ఊడ్చే మనిషి చదవకూడదంటే, చీపురు రోజూ ఒక్కరి చేతిలోనే ఎందుకుండాలి? ఇక పిల్ల సంగతి. గాలి మార్పు కావాలంటే జెస్సీ వాళ్ళ నాన్న మైలవరం వెళ్ళొచ్చు. వదిన బాగా చూసుకుంటుంది. జెస్సీ ఇక్కడే ఉంటుంది, నా దగ్గర. ఇదే నా సాక్ష్యం."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. "ఇదేం సాక్ష్యమే!" అంది వదిన. అయ్యగారు పెద్దమనిషి. గొడవ ముదరకముందే లేచి, "ప్రార్థన చేసుకుందాం. కళ్ళు మూసుకోండి. ఈ కుటుంబం కోసం, ముఖ్యంగా ఈ బిడ్డ మనసు కోసం" అని చేతులెత్తారు. అందరి తలలూ వంగాయి.

నేను కళ్ళు మూసుకోలేదు. అన్ని ముఖాలనీ అలా మూసిన కళ్ళతో ఎప్పుడూ చూడలేదు నేను. అందరూ అలిసిపోయి ఉన్నారు. అత్తగారి ముఖం మరీను. ఒక్కక్షణం జాలివేసింది. జాలివేసినంత మాత్రాన ఆగక్కర్లేదని కూడా తోచింది. తలుపు దగ్గరికి నడిచి సంచి తీసుకున్నాను. బీరువా హాల్లోనే ఉంది. తలుపు తెరిస్తే కిర్రుమంది. అయ్యగారు గొంతు పెంచారు. పసుపు గౌను అరలో పెట్టాను. తర్వాత తెల్లది. జెస్సీకి ఇదొక ఆటలా ఉంది, చంకలోంచి వంగి సంచిలో చెయ్యి పెట్టి చెడ్డీలు ఒక్కొక్కటే నాకు అందిస్తోంది. అయ్యగారు నాకు లోబడే మనసు ఇమ్మని అడుగుతున్నారు, నేను మేజోళ్ళు సర్దుతున్నాను.

తిరిగి చూస్తే బెన్నీ ఒక కన్ను తెరిచి ఉన్నాడు. నన్ను చూశాడు, సంచిని చూశాడు. ఏదో అనబోయాడు. ప్రార్థనలో మాట్లాడకూడదు. నేను చూపు తిప్పుకోలేదు. ఆయనే కన్ను మూసుకున్నాడు.

ఖాళీ సంచి మడిచి వదిన ముందు పెట్టి, పిల్లతో పాటు నా చోటికి వచ్చి నిలబడేసరికి ప్రార్థన ముగిసింది. ఆమేన్ అందరికంటే గట్టిగా నేనే అన్నాను.